మా తిరుపతి ప్రయాణము - ఒక పనిశాల

తిరుపతికి పోవువారందఱును వేంకటేశ్వరుని దర్శనము కొఱకు పోవుదురు. మేమును చిన్ననాటినుండి పలుమాఱులు అందులకే పోయితిమి. కాని గడచిన మాఘమాసమున మేము చేసిన ప్రయాణము కొండమీదికి గాదు. కొండ క్రింద, ఊరి చివరి వీథిలో, ఒక చిన్న యింట నడచుచున్న పనిశాలను చూచుటకై పోయితిమి. అచట చూచినదానిని సోదరీమణులకు చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాకొక తమ్ముడు కలడు. వానికిప్పుడు 28 ఏండ్లు. తల్లిదండ్రులు గతించిన పిమ్మట వాడు మాతోనే చిత్తూరులో నున్నాడు. వానికి మాటలు ఆలస్యముగా వచ్చినవి. వచ్చిన పిమ్మటను, అడిగినదానికి బదులు చెప్పక, అడిగిన మాటనే తిరిగి పలుకుచుండెను. ఎదుటివారి కన్నులలోనికి చూడడు. బడికి ప్రతిదినము ఒకే దారిని పోవలెను; దారి మాఱినచో నేలపై కూలబడి యేడ్చెడివాడు. మా నాయన వానిని వెల్లూరునకు తీసికొనిపోయెను. చిత్తూరువారికి పెద్ద వైద్యమనగా వెల్లూరే గదా. అచటి క్రైస్తవ వైద్య కళాశాలవారికి ఇట్టి పిల్లలకొఱకు నంబిక్కై నిలయమను స్థానము కలదు. నంబిక్కై యనగా అరవమున నమ్మకము. అచటి వైద్యులు దీనిని ఆటిజమనిరి. మెదడు మొదటినుండియు వేఱొక తీరున పెరుగుటచేత నిట్లుండుననియు, తల్లి పెంపకపు దోషమెంతమాత్రమును గాదనియు చెప్పిరి. ఆ కడపటి మాట విని మా యమ్మ కొంగు నోటికడ్డము పెట్టుకొని యేడ్చినది. అంతవఱకు చుట్టములందఱు తప్పు నామెమీదనే మోపియుండిరి.

బిడ్డ చిన్నవాడైనంతకాలము లోకమునకు జాలియుండును. వాడే మీసములు వచ్చిన పురుషుడైనప్పుడు జాలి పోయి భయమో పరిహాసమో మిగులును. మా తమ్ముడు పదవ తరగతి ముగించి యింట కూర్చుండెను. రైళ్ల పేళ్లు, నంబరులు, అవి నిలుచు స్టేషనులు వానికి కంఠస్థము. కాని ఆ విద్యకు కూలి యెవరిత్తురు? రెండేండ్లక్రింద ఒక దుకాణమువారు మా వారి ముఖము చూచి వానిని పనిలో చేర్చుకొనిరి. యజమాని సబ్బులున్న అలమార చూపి, "అక్కడ కొంచెము సర్దు" అనెను. మావాడు మధ్యాహ్నమువఱకు శ్రమపడి, ఎఱ్ఱని వెల్ల నొకచోట, పచ్చని వెల్ల నొకచోట, రంగులనుబట్టి సర్దెను. బట్టల సబ్బును ఒంటి సబ్బును కలిసిపోయినవి. ఆ సాయంకాలమే వానిని పంపివేసిరి. "వీనికి పని రాదు" అని మేమును నిశ్చయించుకొంటిమి. ఇది మా తప్పని తిరుపతిలో తెలిసినది.

తిరుపతిలో నిట్టి బిడ్డల తల్లులు కొందఱు కూడి పనిశాల పెట్టిరని మా వారితోడి యుపాధ్యాయు డొకడు చెప్పగా, ఒక శనివారము మువ్వురము బయలుదేరితిమి. చిత్తూరునుండి తిరుపతికి బస్సులు గలవు గాని మా తమ్మునికి రైలే కావలెను. తెల్లవాఱకముందే స్నానముచేసి, పెరుగన్నము కట్టుకొని స్టేషను చేరితిమి. బండి కదలినది మొదలు వాడు కిటికీకడ కూర్చుండి, పూతలపట్టు, పాకాల, పనపాకము అని స్టేషను రాకముందే పేరు చెప్పుచుండెను. పాకాలలో ధర్మవరపు దారి విడిపోవును. అచట దిగి టీ త్రాగుచున్నవా రొకరు వానిని చూచి నవ్విరి. మేము వానిని గట్టిగా మాటలాడవలదంటిమి. వాడు నోరు మూసికొనెను. కాని పెదవులు కదలుచునే యుండెను. చంద్రగిరి దాటునప్పుడు విజయనగరపు కడపటి రాజులు నివసించిన కొండకోటను మా వారు చూపించిరి. మేము దానిని చూడలేదు, ఆ పెదవులనే చూచుచుంటిమి.

తిరుపతిలో స్టేషను వెలుపల గోవిందరాజస్వామి గోపురము కనబడును. నమస్కరించితిమి. ఆటోల మ్రోత, మైకులు, పూలమ్మువారి కేకలు; మా తమ్ముడు చెవులు మూసికొని గోడకానుకొని నిలిచెను. ఇట్టివారిలో పెక్కుమందికి శబ్దము మనకు వినబడినట్లు వినబడదట, సూదివలె గ్రుచ్చుకొనునట. ఆ గుంపులో నిలిచియుండగా మాకు తరిగొండ వెంగమాంబ జ్ఞప్తికి వచ్చినది. పదునెనిమిదవ శతాబ్దమున మన సీమలోనే పుట్టి, బాలవితంతువై, లోకాచారమునకు లోబడక భక్తిలో మునిగియున్న యామెను ఊరివారు పిచ్చిదని బాధించిరని పెద్దలు చెప్పుదురు. ఆమెయే తిరుమల చేరి వేంకటాచల మాహాత్మ్యము రచించినది. నేడు కొండమీద వేలకొలది యాత్రికులు భుజించు అన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టియున్నారు. ఆమె కథయు మా తమ్ముని కథయు నొకటియని మేమనము. కాని మనకు వేఱుగా దోచినవారిని పిచ్చివారనుట మనకెంత సులభమో అది తెలుపుచున్నది.

పనిశాల రెండు గదుల యిల్లు. అందు 14 మంది పని నేర్చుకొనుచుండిరి. వారిలో ఐదుగురు ఆడపిల్లలు. కొందఱికి ఆటిజము, కొందఱికి బుద్ధి నెమ్మదిగా వికసించుట, ఒకరిద్దఱికి అక్షరములు కుదురని యిబ్బంది. పసుపు కుంకుమల పొట్లములు కట్టి పెండ్లిండ్లకును దుకాణములకును ఇచ్చుట అచటి ముఖ్యమైన పని. నేర్పునామె సికిందరాబాదులో చదివినది. 1984లో కేంద్రప్రభుత్వమువారు అచట మనోవికాస నగరమున జాతీయ మానసిక వికలాంగుల సంస్థను స్థాపించిరి. నేడు పేరు మాఱి ఎన్ఐఈపీఐడీ యని పిలువబడుచున్నది. ఇట్టివారికి పని నేర్పు శిక్షకులను తయారుచేయు చదువును అచట కలదు.

మేము దుకాణపు కథ చెప్పగా ఆమె నవ్వి, "అక్కా, 'సర్దు' అంటే ఏమిటో మీరు చెప్పండి" అనెను. మేము చెప్పబోయి చెప్పలేకపోతిమి. ఎన్ని సబ్బులు, ఏ వరుసలో, ముఖము ఎటువైపు, ఎప్పుడు ముగిసినట్లు? ఇవన్నియు మనము చెప్పక విడిచి, ఎదుటివాడు ఊహించుకొనునని తలతుము. ఊహించుటయే వీరికి కష్టము. చెప్పినది చెప్పినట్లు చేయుట వీరికి కష్టము గాదు. మావాడు చెప్పిన పని చేసియే యుండెను. చెప్పుటయే సరిగా లేదు.

పిమ్మట ఆమె పొట్లము కట్టుపని చూపినది. మనకు ఒక్క పనిగా దోచుదానిని తొమ్మిదిగా విడదీసియున్నారు: కవరు తీయుట, నోరు తెఱచుట, త్రాసుపై నిలుపుట, చెంచాతో పోయుట, అంకె చూచుట, ఇట్లు కడవఱకు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క బొమ్మ గోడకు అంటించియున్నది. ఒక యువకునికి లెక్క రాదు. వానియెదుట పది గుంటలు తొలిచిన పలక యుంచిరి. గుంటకొక పొట్లము పెట్టును. గుంటలన్నియు నిండినచో పది యయినట్లు. వాడు పలకను డబ్బాలో బోర్లించి మరల మొదలుపెట్టును. వాని పొట్లములలో ఒక్కటియు తక్కువ రాదట. లెక్క రానివాడు లెక్క తప్పకుండుట చూచి మా వారు, "బడిలో ఇన్నేండ్లుగా నేను చేయవలసినది ఇదే" అని మెల్లగా ననిరి.

ఈ పద్ధతికి పెద్దచరిత్రయే కలదు. 1970 ప్రాంతమున అమెరికాలో మార్క్ గోల్డ్ అను పండితుడు, ఏ పనికిని పనికిరారని లోకము విడిచిన బుద్ధిమాంద్యులచేత 15 ముక్కల సైకిలు బ్రేకును కూర్పించెను. నేర్వకున్నచో లోపము నేర్పువానిదే, మఱియొక తీరున నేర్పి చూడుడని ఆయన సిద్ధాంతము. 1980 తరువాత అచటనే మఱియొక మార్పు వచ్చినది. అంతకుముందు ఇట్టివారిని ఏండ్లతరబడి శిక్షణశాలలోనే యుంచెడివారు. ఒకచోట నేర్చినది మఱియొకచోట వారికి పనికిరాకపోయెడిది. కావున ముందుగా నిజమైన పనిలో పెట్టి, ఆ చోటనే ప్రక్కన నిలిచి నేర్పి, పని పట్టుబడినకొలది దూరముగా జరుగుట మేలని కనుగొనిరి. అట్లు ప్రక్కన నిలుచువానిని ఆంగ్లమున జాబ్ కోచ్ అందురు. ఆ పనిశాలవారు పనితోడు అని పిలుచుచున్నారు. ఆ తోడుతోనే ఇద్దఱు ఒక భోజనశాలలోను, ఒకడు మొక్కలమ్ము తోటలోను కుదిరిరట. మొదటివారము దినమంతయు తోడుండును, తరువాత ఒక పూట, తరువాత వారమునకొకమాఱు. యజమానికిని తోటిపనివారికిని కూడ తోడే నేర్పును: ఒకమాఱు ఒక్క పనియే చెప్పుడు, నవ్వులాటకు చెప్పకుడు, పనివేళ మార్చినచో ముందురోజే చెప్పుడు అని.

"పని నేర్పుట సులభమక్కా, పనిచోట బ్రతుకుట నేర్పుటే కష్టము" అని యామె యనినది. బస్సెక్కుట, చిల్లర లెక్కించుట, గడ్డము గీచుకొనుట, ఉతికిన బట్ట కట్టుట, పెద్దవారిని పలుకరించుట, తెలియనప్పుడు "నాకు తెలియలేదు, మరల చెప్పండి" అనుట, మ్రోత భరింపలేనప్పుడు చెవులు మూసికొని పరుగెత్తక "ఐదు నిమిషాలు బయట ఉంటాను" అని యడుగుట. ఇవన్నియు పాఠములే. ఆడపిల్లలకు నెలనెల శుభ్రత, ఎవరు తాకవచ్చును ఎవరు తాకరాదు, ఇష్టము లేనిచో "వద్దు" అని గట్టిగా చెప్పుట నేర్పుదురు. మేము మన పిల్లలకు అణకువ నేర్పుదుము గాని "వద్దు" అనుట నేర్పము. ఆ పిల్లలు వరుసగా నిలిచి చేయి ముందుకు చాపి "వద్దు" అని యఱచుట విని మాకు మొదట నవ్వు వచ్చినది, వెంటనే సిగ్గును కలిగినది.

మధ్యాహ్నము అందఱును భోజనమునకు కూర్చుండిరి. మా తమ్ముని విస్తరిలో అన్నము వడ్డించి సాంబారు పోసిరి. మా చేయి దానంతటదే ముందుకు పోయినది. ఇరువదెనిమిదేండ్లుగా, మొదట మా యమ్మయు తరువాత మేమును, వాని కన్నము కలిపియే పెట్టుచున్నాము. ఆ శిక్షకురాలు మా చేతిమీద మెల్లగా చేయివేసి, "అక్కా, చేతులు వెనుకకు పెట్టుకోండి" అనినది. మేము పెట్టుకొంటిమి. వాడు మావైపు చూచెను, విస్తరివైపు చూచెను. కొంతసే పేమియు చేయలేదు. మేము పండ్లు బిగించి కూర్చుంటిమి. తరువాత వ్రేళ్లతో అన్నము తాకి, చేయి తీసి, మరల తాకి, కలుపుకొనెను. సగము సాంబారు నేలపాలైనది. చొక్కాపై పడినది. తక్కినది తినెను. తిని, "అక్కా, పెరుగు" అని తానే యడిగెను. మేము మంచినీళ్ల నెపమున లేచి పెరటిలోనికి పోయితిమి. వానికి చేతకాదని మేమనుకొన్నవానిలో, మేము చేయనీయనివి యెన్నియో యని తలంచి మా మనసు కలత చెందినది. ప్రేమయే యనుకొంటిమి; ప్రేమయే. కాని మా తరువాత ఆ యన్నము కలుపువా రెవరు?

తిరిగివచ్చి యదే యడిగితిమి. ఆమె దానికి రెండు సమాధానములు చెప్పినది. మొదటిది చట్టము. 1999నాటి జాతీయ ట్రస్టు చట్టమునుబట్టి, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, మేధావైకల్యము, బహువైకల్యము గలవారికి 18 ఏండ్లు నిండిన పిమ్మట అవసరమైనచో సంరక్షకుని నియమించుటకు ప్రతి జిల్లాలో కలెక్టరుతో కూడిన సంఘ ముండును. నిరామయ యను ఆరోగ్యభీమా లక్ష రూపాయలవఱకు కలదు. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, ప్రభుత్వోద్యోగములలో నూటికి 4 కేటాయించినది. అందొక్కటి ఆటిజము, మేధావైకల్యము, అక్షరములు కుదురని యిబ్బంది, మనోవ్యాధి, బహువైకల్యము గలవారికి చెందును. మన రాష్ట్రమున 2024 జూలై మొదలు వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైనది. వీనికి వైద్యులిచ్చు ధ్రువపత్రము ముఖ్యము. దానిని సిగ్గుచే దాచు కుటుంబములు తమ బిడ్డ హక్కునే దాచుచున్నవి.

రెండవ సమాధానము ఒక కథ. 1943లో లియో కానర్ అను వైద్యుడు ఆటిజమును మొదట లోకమునకు వివరించినప్పుడు 11 మంది పిల్లలనుగూర్చి వ్రాసెను. అందు మొదటివాడు మిసిసిపీ రాష్ట్రపు డోనాల్డ్ ట్రిప్లెట్. ఈ బాలుని కొంతకాలము ఒక రైతుదంపతుల యింట నుంచిరి. వానికి దేనినైనను కొలిచెడి వెఱ్ఱి. ఆ రైతు వానిని మందలింపక, బావి త్రవ్వుమని, ఎంతలోతు పోయెనో కొలిచి చెప్పుమనెను. వానికి లెక్కించు వెఱ్ఱి. మొక్కజొన్న చాళ్లు దున్నుచు లెక్కింపుమనెను. ఆ బాలుడు పెరిగి, కాలేజీలో చదివి, తన యూరి బ్యాంకులో దశాబ్దములు పనిచేసి, కారు నడిపి, దేశదేశములు తిరిగి, 2023లో 89వ యేట మరణించెను. ఆ బ్యాంకు ఆయన కుటుంబమువారిదే గదా, మా కెక్కడి బ్యాంకు అని మేమంటిమి. "బ్యాంకు అందరికీ ఉండదక్కా, చాళ్లు లెక్కపెట్టమన్న రైతు ఉంటే చాలు. ఒకటి మాత్రము మరవకండి. అందరికీ ఇట్టి లెక్కల విద్య ఉండదు, ఉండాలనీ లేదు. విద్య ఉన్నా లేకున్నా మనిషికి పని కావాలి" అని యామె చెప్పినది.

సాయంకాలము స్టేషనులో మా తమ్ముని చేతికి డబ్బిచ్చి, మువ్వురకు టిక్కెట్టు తెమ్మంటిమి. మా వారును మేమును పది యడుగుల దూరమున చేతులు వెనుకకు పెట్టుకొని నిలిచితిమి. వాడు వరుసలో నిలిచెను. కిటికీకడకు చేరిన పిమ్మట మాట రాలేదు. వెనుకనున్న యొక ముసలమ్మ, "చెప్పు నాయనా, తొందర లేదులే" అనినది. ఆమె యెవరో యెఱుగము, ఆమెకు మ్రొక్కవలెను. వాడు రైలునంబరుతో మొదలుపెట్టి, బండి పేరు చెప్పి, "చిత్తూరు, మూడు" అనెను. మా వారు టిక్కెట్టు కొఱకు చేయి చాపగా, "నా దగ్గరే ఉంటుంది" అని చొక్కా జేబులో పెట్టుకొనెను. చంద్రగిరి, పనపాకము, పాకాల అని వాడు గట్టిగానే చెప్పుచుండెను. ఈమాఱు మేము వారింపలేదు.

ఇది జరిగి మూడుమాసములైనది. ఇప్పుడు మా వీథి మొగనున్న పచారి అంగడిలో వాడు దినమునకు రెండు గంటలు పప్పుపొట్లములు కట్టుచున్నాడు. తిరుపతినుండి ఆ శిక్షకురాలు రెండుమాఱులు వచ్చి అంగడివానికిని మాకును నేర్పి పోయినది. ఒకనాడు ఊరేగింపు బాణసంచాకు బెదరి వాడు పనిలోనుండి పరుగెత్తి యింటికి వచ్చెను. అంతటితో సరియనుకొంటిమి. మఱునాడు వేళకు తానే చెప్పులు తొడుగుకొనెను. మొదటినెల కూలి చేతికి వచ్చినప్పుడు వాడొకే రకము బిస్కత్తుపొట్లములు నాలుగు కొని తెచ్చి మువ్వురకు మూడిచ్చెను. నాలుగవది ఎవరికని యడుగగా, "టిక్కెట్టు అమ్మమ్మకు" అనెను. ఆ ముసలమ్మను మేమెచట వెదకుదుము? ఆ పొట్లము మా యలమారలో నట్లే యున్నది.

సోదరీమణులారా! మీ యింట నిట్టివారున్నచో ఒక్క పనినైనను, అన్నము కలుపుకొనుటనైనను, నేడే వారికి విడువుడు. మీ యింట లేకున్నచో, అంగడిలోనో స్టేషనులోనో ఒకడు మాట వెదకుకొనుచు నిలిచినప్పుడు, ఆ ముసలమ్మవలె ఒక్క నిమిషము ఓపిక పట్టుడు.